కెమెరామన్ పేరు పక్కన ఆ 'తో' ఎక్కడికి పోయింది?

ఈసారి పోస్టు కాస్త పెద్దది. వారాంతమే కాబట్టి తీరిగ్గా చదివి, కింద మీ అభిప్రాయం రాయండి.

తెలుగు టీవీ వార్తలు చూసే ప్రతి ఇంట్లో నోటికి వచ్చిన వాక్యం ఒకటుంది. వార్త అయిపోగానే రిపోర్టరు "కెమెరామన్ ఫలానాతో ఫలానా, ఫలానా టీవీ, బెంగళూరు" అంటారు. మన పిల్లలు గరిటెను మైకులా పట్టుకుని ఆడుకునేటప్పుడు కూడా ఇలాగే ముగిస్తారు. ఈ వాక్యం జనంలోకి ఎంత వెళ్లిందంటే, 2012లో పూరి జగన్నాథ్ తన సినిమాకు 'కెమెరామెన్ గంగతో రాంబాబు' అనే పేరే పెట్టారు. రాంబాబుగా పవన్ కల్యాణ్, గంగగా తమన్నా. ఆ సినిమాలో రాంబాబు డైలాగులు మనలో చాలామందికి గుర్తుంటాయి. గంగ ఏం షూట్ చేసిందో చెప్పమంటే మాత్రం తలలు గోక్కుంటాం.

చిన్నప్పుడు తెలుగు క్లాసులో 'చేతన్ చేన్ తోడన్ తోన్' అని వల్లె వేశాం కదా, ఆ తృతీయా విభక్తే ఈ 'తో'. ఒక్క అక్షరం. కానీ కెమెరా వెనక మనిషికి టీవీ వార్తలో దక్కే గౌరవమంతా ఆ ఒక్క అక్షరంలోనే ఉంది. "ఈ వార్త నేనొక్కణ్నే తేలేదు, నాతో ఇంకొకరు ఉన్నారు" అని రిపోర్టరు ఒప్పుకునే చోటు అది.

ఈ మధ్య ఆ 'తో' మాయమవుతోంది. కొన్నిచోట్ల రిపోర్టరే సెల్‌ఫోన్ పట్టుకుని ఒంటరిగా వెళ్తున్నారు. ఇంకొన్నిచోట్ల కెమెరామన్‌నే ఒంటరిగా పంపి, "విజువల్స్ నువ్వే తియ్యి, బైట్లు నువ్వే తీసుకో, ముందు నిలబడి నువ్వే చెప్పు" అంటున్నారు. ఇలా తొలిసారి ఒంటరిగా వార్త చెప్పిన కెమెరామన్ వీడియో వస్తే మనం "సూపర్ బ్రో", "వన్ మ్యాన్ ఆర్మీ" అని కామెంట్లు పెట్టి చప్పట్లు కొడుతున్నాం. మా అభిప్రాయం సూటిగా చెప్తాం. కెమెరామన్ ఒంటరిగా వార్త చెప్పగలగడానికి చప్పట్లు కొట్టాల్సిందే. అతన్ని ఒంటరిగా పంపినందుకు మాత్రం కొట్టకూడదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల నష్టపోయేది అతను, అతనితో పాటు మనం.

ముందు ఇది మన సర్జాపురకు ఎలా తగులుతుందో చూద్దాం. 2022 సెప్టెంబర్ మొదటి వారం మనలో ఎవరూ మర్చిపోలేదు. 4వ తేదీ ఆదివారం రాత్రి కురిసిన వానకు సోమవారం తెల్లారేసరికి ఔటర్ రింగ్ రోడ్డు చెరువైంది. సర్జాపుర రోడ్డులో రెయిన్‌బో డ్రైవ్ లాంటి లేఔట్లలోంచి జనాన్ని ట్రాక్టర్ల మీద, పడవల మీద బయటికి తెచ్చారు. ఐటీ ఉద్యోగులు ల్యాప్‌టాప్ బ్యాగులు నెత్తిన పెట్టుకుని ట్రాక్టర్ ఎక్కిన బొమ్మలు దేశమంతా తిరిగాయి. కోట్ల విల్లాలు, మునిగిన ఖరీదైన కార్లు. వార్త ఎక్కువగా అక్కడే ఆగిపోయింది.

ఆ రోజుల్లో ఒక తెలుగు చానల్ కెమెరామన్ మన వైపు వచ్చారు. చానల్ పేరు, ఆయన పేరు ఇక్కడ అనవసరం. సంఘం కార్యక్రమాలకు మీడియాను పిలిచే పని చూసే మా నలుగురికీ ఆయన బాగా పరిచయం. వీడియో తీస్తూ ఏళ్లు గడిచాయి గానీ, కెమెరా ముందు నిలబడింది ఎప్పుడూ లేదు. ఆ రోజు రిపోర్టరు ట్రాఫిక్‌లో చిక్కుకుపోయారు. హైదరాబాద్ డెస్కు నుంచి ఫోన్ వచ్చింది: "నువ్వే చెప్పెయ్, టైమ్ లేదు." ఆయన ట్రైపాడ్ వేసి, తను నిలబడాల్సిన చోట ఒక రాయి పెట్టి, దాని పక్కన మా గొడుగు నిలబెట్టి ఫోకస్ చూసుకుని, రికార్డు బటన్ నొక్కి పరుగున వెళ్లి నిలబడ్డారు. నాలుగైదు సార్లు తడబడ్డారు. చివరికి బాగానే చెప్పారు. ముగింపు దగ్గరికి వచ్చేసరికి అలవాటు కొద్దీ "కెమెరామన్..." అన్నారు. అక్కడ ఆగిపోయారు. ఎవరితో? ఒక క్షణం అటూ ఇటూ చూసి, తన పేరూ ఊరి పేరూ చెప్పి ముగించారు.

ఆయన తెచ్చిన వార్త మాత్రం మిగతావాటిలా లేదు. విల్లాల జోలికి పోలేదు. గేటు పక్కన మునిగిన సెక్యూరిటీ గార్డు గది, ఖాళీ సైటులో పనివాళ్లు వేసుకున్న రేకుల షెడ్లు, తడిసిన బియ్యం మూట ఆరబెట్టే చోటు లేక చేతుల్లో పట్టుకుని నిలబడ్డ మనిషి. ఏళ్ల తరబడి రిపోర్టర్లు "ఇటు తిప్పు, అటు తిప్పు" అంటుంటే, వాళ్లు తిప్పమనని వైపు ఏముందో ఆయన చూస్తూనే ఉన్నారన్న మాట. పైగా అరవలేదు. పది సెకన్ల పాటు నోరు మూసుకుని మోటారు పంపు చప్పుడు, నీళ్ల చప్పుడు వినిపించారు. మాటలతో నింపడం అలవాటైన మన టీవీలో అది చాలా అరుదు.

కాబట్టి కెమెరామన్లకు వార్త చెప్పడం రాదనే వాదన మా దగ్గర చెల్లదు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టమే న్యూస్ ఫొటోగ్రాఫర్‌ను రిపోర్టరు, సబ్ ఎడిటర్లతో పాటు జర్నలిస్టుగా లెక్కగట్టింది. బొమ్మ తీసేవాడు కూడా పాత్రికేయుడేనని మన దేశం ఏడు దశాబ్దాల కిందటే ఒప్పుకుంది. ఆ చట్టం పత్రికల కోసం రాసింది, అప్పటికి మనకు టీవీ వార్తలు లేవు. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ వచ్చాక గానీ ఎలక్ట్రానిక్ మీడియా ఆ నిర్వచనంలోకి రాలేదు. మనం మాత్రం ఇంట్లో ఇప్పటికీ "టీవీ వాళ్లు వచ్చారు, వాళ్లతో కెమెరా అబ్బాయి కూడా వచ్చాడు" అనే అంటాం. యాభై ఏళ్లు దాటినా ఆయన 'అబ్బాయే'.

ప్రపంచంలో ఈ పనికి పెద్ద ఉదాహరణ ఆస్ట్రేలియాకు చెందిన నీల్ డేవిస్. టాస్మేనియాలో పుట్టి, 1964లో విస్‌న్యూస్ సంస్థ తరఫున ఆగ్నేయాసియాకు వెళ్లారు. కెమెరా తనే, మాట తనే. వియత్నాం, కంబోడియా యుద్ధాల్లో ఏళ్ల తరబడి ఎక్కువగా ఒంటరిగానే పనిచేశారు. 1975 ఏప్రిల్ 30న సైగాన్ అధ్యక్ష భవనంలోకి ఉత్తర వియత్నాం ట్యాంకు దూసుకొచ్చినప్పుడు లోపల నిలబడి దాన్ని చిత్రించింది ఆయనే. యుద్ధం ముగిసిందని చెప్పడానికి ఈ రోజుకీ ఆ దృశ్యాన్నే చూపిస్తారు. 1985 సెప్టెంబర్ 9న బ్యాంకాక్‌లో తిరుగుబాటును చిత్రిస్తుండగా ట్యాంకు గుండు తగిలి చనిపోయారు. కింద పడ్డ కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ రోజు ఆయనతో ఉన్న సౌండ్ రికార్డిస్టు బిల్ లాచ్ కూడా ప్రాణాలు కోల్పోయారు.

తోడుంటే ప్రాణం దక్కుతుందని మేం అనడం లేదని దీన్నిబట్టి మీకు అర్థమై ఉంటుంది. మేం అనేది వేరు. నీల్ డేవిస్ ఒంటరిగా పనిచేయడాన్ని తనే ఎంచుకున్నారు. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు వెనక్కి రావాలి అనేది తనే తేల్చుకున్నారు. డెస్కు నుంచి వచ్చిన ఫోన్‌కు కాదనలేక మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ మన కెమెరామన్‌కు ఆ ఎంపిక ఎక్కడిది? ఆ రోజు ఆయన లెన్సు ముందు నిలబడి మాట్లాడుతుంటే వెనక నీళ్ల లోంచి ట్రాక్టర్ వస్తోంది. ఆయన చూడలేదు. చూడలేరు కూడా. డ్రైవరు కేక వేస్తే పక్కకు దూకారు. మామూలుగా ఆ కేక వేసే పని రిపోర్టరుది. రిపోర్టరు మాట్లాడుతుంటే అదే పని కెమెరామన్‌ది. ఒకరి వీపు ఇంకొకరు కాయడం. ఆ 'తో'కు అసలు అర్థం అదే.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. 2018 అక్టోబర్ 30న ఛత్తీస్‌గఢ్ దంతెవాడ జిల్లా అరన్‌పూర్ ప్రాంతంలో ఎన్నికల వార్తలకు వెళ్లిన దూరదర్శన్ బృందం మీద మావోయిస్టులు కాల్పులు జరిపారు. కెమెరామన్ అచ్యుతానంద సాహు అక్కడే ప్రాణాలు విడిచారు. పోలీసులు కూడా చనిపోయారు. కెమెరాకు లైట్లు, సామాను చూసుకునే సహాయకుడు నేల మీద పడుకుని, తూటాల చప్పుడు మధ్య, ఫోన్‌ను తన ముఖం వైపు తిప్పుకుని అమ్మకు చివరి మాటలు రికార్డు చేశారు. అదృష్టం బాగుండి ఆయన బతికారు. ఆ రోజు దాడి ఎలా ఉందో దేశానికి తెలిసింది, టీవీ తెరమీద ఎప్పుడూ పేరు రాని ఆ సహాయకుడి వల్లే. ఎవరూ పంపని, ఎవరూ కోరని ఒంటరి రిపోర్టింగ్ అది.

మన దగ్గర చూస్తే, 2022 జులైలో జగిత్యాల జిల్లా రాయికల్ మండలంలో వరద వార్తకు వెళ్లిన ఒక తెలుగు చానల్ విలేఖరి కారుతో సహా వరదలో కొట్టుకుపోయి చనిపోయారు. మండలాల్లో పనిచేసే విలేఖరులకు ఈ ఒంటరితనం కొత్త కాదు. బండి, ఫోన్, మైకు, వార్త, ప్రమాదం అన్నీ ఒక్కడివే. నగరంలో ఇప్పుడు కొత్త పద్ధతి అని పొగుడుతున్నది, పల్లె విలేఖరి ఎప్పటినుంచో మోస్తున్న బరువే.

దీని వెనక లెక్కలు కూడా మాట్లాడుకుందాం. 1977లో దూరదర్శన్ హైదరాబాద్ కేంద్రం మొదలైన రోజుల్లో వార్త అంటే ఒక బృందం వెళ్లేది. 1995లో ఈటీవీ, 2004లో ఇరవై నాలుగు గంటల వార్తలతో టీవీ9 వచ్చాక బృందాలు పెరిగాయి, పోటీ పెరిగింది. తర్వాత కెమెరా చిన్నదైంది, బృందమూ చిన్నదైంది. ముందు లైట్ అసిస్టెంటు పోయాడు. తర్వాత డ్రైవరు పోయాడు. మిగిలింది ఇద్దరు. ఇప్పుడు ఆ ఇద్దరిలో ఎవరు పోవాలన్న ప్రశ్న నడుస్తోంది.

న్యూయార్క్‌లో 1992లో మొదలైన ఎన్‌వై1 చానల్ రిపోర్టర్ల భుజానికే కెమెరాలు తగిలించింది. 2013 మే 30న షికాగో సన్ టైమ్స్ పత్రిక తన ఫొటోగ్రాఫర్లందరినీ ఒక్క రోజులో ఇంటికి పంపేసి, రిపోర్టర్లకు ఐఫోన్‌తో ఫొటోలు తీయడం నేర్పింది. ఉద్యోగం పోయినవారిలో పులిట్జర్ బహుమతి పొందిన జాన్ వైట్ కూడా ఉన్నారు. 2017లో మన ఎన్డీటీవీ మొబైల్ జర్నలిజం వైపు మళ్లుతున్నామంటూ సిబ్బందిని తగ్గించినప్పుడు ఎక్కువగా దెబ్బ తిన్నది కెమెరా, సాంకేతిక విభాగాలవారే. కాబట్టి కెమెరామన్ మైకు పట్టుకోవడం చాలాసార్లు పదోన్నతి కాదు. ఉద్యోగం నిలబెట్టుకునే తిప్పలు. రెండు పనులకు ఒక జీతం ఇచ్చి దానికి 'మల్టీ టాస్కింగ్' అని ముద్దుపేరు పెడితే, ఐటీ కంపెనీల్లో పనిచేసే మనకు ఆ ముద్దుపేరు సంగతి వేరే చెప్పాలా?

"యూట్యూబర్లు ఒక్కరే అన్నీ చేసుకోవడం లేదా?" అని మన గ్రూపులో ఒకరు అడిగారు. మంచి ప్రశ్నే. యూట్యూబర్ తనకు నచ్చిన రోజు, నచ్చిన చోటికి వెళ్తారు. వాన ఎక్కువైతే ఇంటికి వచ్చేస్తారు. ఆ వీడియో ఆయనది, పేరు ఆయనది, డబ్బు ఆయనది. ఉద్యోగికి ఇవేవీ లేవు. "రా" అన్నప్పుడు రావాలి, "ఉండు" అన్నంతసేపు ఉండాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇది ప్రేక్షకులుగా మనకు సంబంధించినది. మనం మెచ్చుకున్న ఆ వరద వార్తలో లోటు లేకపోలేదు. అధికారి బైట్ లేదు. చెరువు కాలువ ఎవరు మూశారని పనివాళ్లు ఒకరి పేరు చెప్పారు, ఆ పేరున్న వ్యక్తిని అడగడానికి ఎవరూ వెళ్లలేదు. కెమెరామన్‌కు తెలియక కాదు. విజువల్స్ తీసి, బైట్లు తీసి, తను చెప్పాల్సింది చెప్పి, సిగ్నల్ ఉన్న చోటు వెతికి డెస్కుకు ఫైళ్లు పంపేసరికి చీకటి పడింది. ఇద్దరుంటే ఒకరు చెరువు దగ్గర, ఒకరు ఆఫీసు దగ్గర ఉండేవారు. "ఆ పేరు వేస్తున్నాం, ఒకసారి కనుక్కున్నామా?" అని అడిగే రెండో నోరు ఉండేది. డెస్కు ఆ పేరున్న బైట్ తీసేసింది, మంచిదే. దాంతో పాటు రేకుల షెడ్ల భాగం కూడా సగం తీసేసింది. పోరాడి నిలబెట్టడానికి అక్కడ ఆయన తరఫున ఎవరూ లేరు. చివరికి తెరమీద మిగిలింది మళ్లీ మునిగిన కార్లే.

1984 అక్టోబర్‌లో ఇథియోపియా కరువును ప్రపంచానికి చూపించిన బీబీసీ వార్త కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. మాట మైకేల్ బర్క్‌ది, బొమ్మలు కెన్యా కెమెరామన్ మొహమ్మద్ అమీన్‌వి. ఆ ఒక్క వార్తతో దేశదేశాల నుంచి సాయం కదిలింది. ఆ మాట లేకపోతే ఆ బొమ్మలకు అంత బలం లేదు, ఆ బొమ్మలు లేకపోతే ఆ మాట ఎవరూ వినేవారు కారు. ఎవరు గొప్ప అని తేల్చాల్సిన పని లేదు. ఇద్దరు కలిస్తేనే ఆ వార్త అయింది.

అయితే చానళ్లను మార్చడం మన చేతిలో లేదు. వాళ్ల లెక్కలు వాళ్లకుంటాయి. మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. సంఘం ముందు నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాం.

మొదటిది. మన ప్రాంతం వార్తకు ఎవరైనా ఒంటరిగా వస్తే, మన సభ్యుల్లో ఒకరు ఆయన పక్కన నిలబడాలి. ఏం తీయాలో, ఏం చెప్పాలో చెప్పడానికి కాదు. వెనక బండి వస్తోందా, కరెంటు తీగ ఉందా, నీళ్లు పెరుగుతున్నాయా అని చూడటానికి మాత్రమే. 2023 అక్టోబర్‌లో అత్తిబెలె బాణసంచా దుకాణం అంటుకుని పద్నాలుగు మందికి పైగా చనిపోయిన చోటు మనకు దూరమేమీ కాదు. అలాంటి చోట వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినవాళ్లకు పక్కన ఏం కూలుతుందో కనబడదు.

రెండోది. చెరువు, చెత్త, రోడ్డు, ఏ సమస్య మీదైనా మీడియాను పిలిచినప్పుడు ఒక కాగితం సిద్ధంగా ఉంచుదాం. ఫిర్యాదు ఎప్పుడు ఇచ్చాం, నంబరు ఏమిటి, ఏ కార్యాలయానికి వెళ్లింది, అవతలివారి వాదన అడగాలంటే ఎవరిని కలవాలి. చివరిది ముఖ్యం. మన పక్షం మాత్రమే చేతిలో పెట్టి, ఒంటరిగా వచ్చిన మనిషిని తొందరపెట్టి మన మాటే వేయించుకోవడం తెలివి అనిపించుకోదు. రేపు ఇంకొకరు మన మీద అదే తెలివి చూపిస్తారు.

మూడోది. వార్త క్లిప్పులు గ్రూపుల్లో పంపేటప్పుడు చివరి ఐదు సెకన్లు కత్తిరించకండి. పేర్లు వచ్చేది అక్కడే. కెమెరా ఎవరిదో తెలిస్తే పైన ఒక వరుస రాయండి. మనకు పోయేదేమీ లేదు. వాళ్లకు రేపు ఇంకో ఉద్యోగం అడిగేటప్పుడు చూపించుకోవడానికి అదొక ఆధారం.

నాలుగోది. ఏటా ఉగాది వేడుకల్లో యాంకర్లకు, రిపోర్టర్లకు శాలువాలు కప్పుతున్నాం. ఆ శాలువా కప్పే దృశ్యాన్ని తీసేది కెమెరామన్. అందరూ భోజనాలు చేశాక, ట్రైపాడ్ మడిచి, చల్లారిన పులిహోర తినేదీ ఆయనే. వచ్చే ఉగాదికి వేదిక మీదికి కెమెరా వాళ్లను పిలుద్దాం. ఆ పది నిమిషాలు మనవాళ్లెవరైనా ఫోన్‌తో తీస్తారు, కాస్త వణికినా పర్వాలేదు. పంక్తిలో మొదటి విస్తరి కూడా వాళ్లకే వేద్దాం.

వీటిలో పెద్ద ఖర్చు ఏదీ లేదు. వచ్చే నెల సమావేశంలో ఈ నాలుగూ చర్చకు పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాం. ఒప్పుకోని వారు కూడా రాయండి, జవాబు ఇస్తాం. మీ అపార్ట్‌మెంటులోనో మీ బంధువుల్లోనో న్యూస్ కెమెరా పని చేసేవారు ఉంటే, ఈ పోస్టు వాళ్లకు పంపి, తొలిసారి ఒంటరిగా వార్తకు వెళ్లిన రోజు ఎలా గడిచిందో అడగండి. ఆ రోజు పక్కన ఎవరుంటే బాగుండేదో కూడా అడగండి. వాళ్లు చెప్పేది ఇక్కడ రాస్తే మా ప్రతిపాదనల్లో ఇంకేం చేర్చాలో మాకూ తెలుస్తుంది.